పదో కోచ్‌ని పెట్టుకునే ముందు: ఎమ్మా రదుకానుకు బహిరంగ లేఖ

ఎమ్మా,

కూతురి వయసుదానివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండులోనే ఓడిపోయావు. కొద్ది రోజులకే కోచ్ ఫ్రాన్సిస్కో రోయిగ్‌తో విడిపోయావని వార్త వచ్చింది. ఇక అందరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నైజెల్ సియర్స్, ఆండ్రూ రిచర్డ్‌సన్, టోర్బెన్ బెల్ట్జ్, దిమిత్రి తుర్సునోవ్, సెబాస్టియన్ సాక్స్, నిక్ కావడే, వ్లాదిమిర్ ప్లాటెనిక్, మార్క్ పెచ్చీ, రోయిగ్. 2021 వింబుల్డన్ నుంచి లెక్కేస్తే ఐదేళ్ళు తిరక్కుండా తొమ్మిది మంది. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కిన సామెత ఒకటి మా దగ్గరుంది. నీ గురించి రాసేవాళ్ళలో చాలామందిది అదే వరస. నీ ప్రతి ఓటమికీ కోచ్‌దే తప్పంటారు, ఆ కోచ్ వెళ్ళిపోగానే నీకు నిలకడ లేదంటారు.

ఆ జాబితాని నేనింకోలా చదువుతాను. అందులో అన్నీ నువ్వు తెగ్గొట్టుకున్న బంధాలు కావు. చిన్నపిల్లగా బ్రోమ్లీలో ఆడుతున్నప్పటి నుంచి నిన్నెరిగిన కావడే, 2024 అంతా నీతో ఉండి, 2025 జనవరిలో ఆరోగ్యం బాగోలేక తప్పుకున్నాడు. తుర్సునోవ్ తనే కొనసాగనన్నాడు. పెచ్చీకి టీవీ కామెంటరీ ఒప్పందాలున్నాయి, పూర్తికాలం ఉండే వీల్లేదు. రిచర్డ్‌సన్‌ని యూఎస్ ఓపెన్ గెలిచాక వదులుకోవడం మీద లోకమంతా గగ్గోలు పెట్టింది. అప్పుడు నువ్వు చెప్పిన కారణం మాత్రం సబబుగానే ఉంది. పెద్ద టూర్‌లో ఏళ్ళ తరబడి తిరిగి అక్కడి ఎత్తుపల్లాలు చూసిన మనిషి కావాలన్నావు. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆ మాట అనడంలో అత్యాశేమీ లేదు. ప్లాటెనిక్‌తో రెండు వారాలకే ముగిసింది. అలాంటివి టూర్‌లో జరుగుతూనే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. నీవి కాబట్టి పతాక శీర్షికలయ్యాయి.

ఇంత చెప్పాక కూడా, పదో మనిషి కోసం నువ్వు ఫోన్లు కలుపుతున్న ఈ సమయంలో చెప్పాల్సిన మాట ఒకటి మిగిలే ఉంది. పోటీలో ఆడేవాళ్ళకు కోచ్ ఎందుకు అన్న ప్రశ్నకు నువ్వూ మీ నాన్నా చెప్పుకున్న జవాబు పద్దెనిమిదేళ్ళ దాకా నిన్ను అద్భుతంగా నడిపించింది. టూర్‌లోకి వచ్చాక అదే జవాబు కాళ్ళకు అడ్డం పడుతోందని నా అనుమానం.

మీ నాన్నగారి పద్ధతి గురించి నువ్వే చాలాసార్లు చెప్పావు. చిన్నప్పటి నుంచీ ఒక కోచ్ దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర ఇంకొకటి నేర్పించాడు. సర్వ్‌కి ఒకరు, ఫోర్‌హ్యాండ్‌కి ఒకరు. నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాక తరవాతి మనిషి. కోచ్‌లను నువ్వు ప్రశ్నలడుగుతావనీ, ఒక్కోసారి వాళ్ళు జవాబులతో నిన్ను అందుకోలేకపోతారనీ కూడా అన్నావు. ఆ మాటకు మీ దేశంలో కొందరు మూతి ముడిచారు. నాకైతే ముచ్చటేసింది. గణితంలో ఎ స్టార్, ఎకనామిక్స్‌లో ఎ తెచ్చుకున్న పిల్ల ప్రశ్నలడక్క ఇంకేం చేస్తుంది? ఆ మార్కుల సంగతి తెలిశాక మా ఇళ్ళల్లో నీకు సగం ఓట్లు అప్పుడే పడిపోయాయి, ట్రోఫీ దాకా వెళ్ళాల్సిన పనే లేకపోయింది.

మీ నాన్న పద్ధతి మాకు కొత్తేమీ కాదు. లెక్కలకు ఒక ట్యూషను, ఫిజిక్స్‌కి ఇంకొకటి, ఆర్నెల్లకోసారి కాలేజీ మార్పిడి. మా హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో టెన్నిస్ అకాడమీల గేట్ల దగ్గర సాయంత్రం ఐదింటికి నిలబడితే, కిట్ బ్యాగ్ భుజానేసుకుని స్కూటర్ దిగే తల్లిదండ్రులు మాట్లాడుకునేది ఇదే. “అక్కడ సర్వ్ బాగా చెప్తారంట”, “ఈ సార్ దగ్గర ఫుట్‌వర్క్ లేదండీ, మార్చేశాం.” నేర్చుకునే వయసులో ఇది పనికొస్తుంది కూడా. పన్నెండేళ్ళ పిల్లకు నలుగురు నాలుగు రకాలుగా బంతి కొట్టడం చూపిస్తే చెయ్యి తిరుగుతుంది. ఆ వయసులో కోచ్ అంటే పాఠం చెప్పేవాడు. పాఠం అయ్యాక పంతులు మారినా నష్టం లేదు.

టూర్‌లో ఆడే మనిషికి కోచ్ చేసే పని వేరు. వారంవారం కొత్త ఊరు, కొత్త కోర్టు, కొత్త బంతులు. అప్పటికి నీ ఫోర్‌హ్యాండ్ నీకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. గత జూన్‌లో అది ఎలా ఉందో, ఈ జనవరిలో ఎందుకు అర అడుగు ఆలస్యంగా తగులుతోందో గమనించే కన్ను కావాలి. మా ఊళ్ళల్లో వెనకటి డాక్టర్లు ఉండేవాళ్ళు. పిల్లాడు గడప దాటి లోపలికి వస్తుంటేనే, “ఏమ్రా, ఇవాళ నడక తేడాగా ఉంది?” అనేవాళ్ళు. వాళ్ళ చదువు గొప్పదై కాదు, వాడు బాగున్న రోజున ఎలా నడుస్తాడో వాళ్ళకు తెలుసు. రెండు వారాల ట్రయల్‌లో, ఐదు నెలల ఒప్పందంలో ఏ కోచ్‌కైనా నీ మంచి రోజు ఎలా ఉంటుందో తెలిసే అవకాశం ఎక్కడిది? వచ్చిన ప్రతివాడూ అప్పటికి తను చూసిన నీ ఆటకు మందు రాశాడు. నీ బాగున్న ఆట వాళ్ళలో చాలామంది టీవీలో చూసిందే.

ఆ బాగున్న ఆట నాకు గుర్తున్నంత వరకూ చెప్తాను.

2021లో నువ్వు న్యూయార్క్ వెళ్ళినప్పుడు నీ ర్యాంకు 150. క్వాలిఫయింగ్ దాటుతావో లేదోనని అది ముగిసే రోజుకే తిరుగు టికెట్ కొనుక్కున్నావు. తర్వాత క్వాలిఫయింగ్‌లో మూడు, మెయిన్ డ్రాలో ఏడు, మొత్తం పది మ్యాచ్‌లు ఆడి ఒక్క సెట్టు కూడా పోగొట్టుకోలేదు. క్వాలిఫయర్‌గా వచ్చి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన మనిషి, ఆడా మగా అందరిలో, నీకు ముందు ఎవరూ లేరు. సెప్టెంబర్ 11న అక్కడ సాయంత్రం నాలుగింటికి ఫైనల్ మొదలైతే మాకు తారీఖు మారి ఒంటిగంటన్నర. మా ఇళ్ళల్లో సౌండు తగ్గించుకుని చూశాం.

ఆ ఫైనల్లో అందరూ చెప్పుకునే ఘట్టం రక్తం కారిన మోకాలిది. రెండో సెట్లో 5-3, మ్యాచ్ కోసం సర్వ్ చేస్తున్నావు. బ్యాక్‌హ్యాండ్ అందుకోవడానికి జారేసరికి ఎడమ మోకాలు కోర్టుకు రాసుకుని చీరుకుపోయింది. అప్పుడే నీ మీద బ్రేక్ పాయింట్. రక్తం కారుతుంటే ఆడనివ్వరు కాబట్టి ఫిజియో వచ్చి కట్టు కట్టాల్సి వచ్చింది. అవతల లేలా ఫెర్నాండెజ్ ఊపు మీదుంది, ఆట ఆగినందుకు అధికారులతో వాదిస్తోంది. నువ్వు కుర్చీలోంచి లేచి వచ్చి ఆ బ్రేక్ పాయింట్ కాపాడుకున్నావు. చివరికి ఏస్ కొట్టి వెల్లకిలా పడిపోయావు. 6-4, 6-3.

నాకు మాత్రం మోకాలికన్నా ఎక్కువ గుర్తుండిపోయినవి నీ పాదాలు. ఎదుటివాళ్ళ సెకండ్ సర్వ్ వస్తుంటే బేస్‌లైన్ లోపలికి అడుగేసి నిలబడేదానివి. బంతి నేల తాకి పైకి లేస్తుండగానే, ఇంకా నడుము ఎత్తు దాటకముందే కొట్టేసేదానివి. దాంతో అవతలి మనిషి సర్వ్ ఊపులోంచి తేరుకునేలోపే బంతి మూలకు పోయేది. బలంతో కొట్టిన దెబ్బలు కావవి. ఎదుటివాళ్ళ దగ్గర్నుంచి అర సెకను లాక్కోవడం. పొడవులో, కండబలంలో నీకన్నా ముందున్నవాళ్ళ మీద నీకున్న ఆయుధం అదే, ఇప్పటికీ అదే.

మెల్‌బోర్న్‌లో ఓడాక నువ్వు కూడా దాదాపు ఇదే అన్నావు. ఆడుతున్న తీరుకూ, ఆడాలనుకుంటున్న తీరుకూ పొంతన కుదరడం లేదన్నావు. ఈ ఐదేళ్ళలో నీ గురించి నేను చదివిన విశ్లేషణలన్నిటికన్నా ఆ ఒక్క వాక్యంలో సరుకుంది. నీ ఆట ఏదో నీకు తెలుసు. తొమ్మిది మంది చేతుల్లో తొమ్మిది దిద్దుబాట్లు అయ్యేసరికి అది ఎవరిదీ కాకుండా పోయింది. ఒకరు టాప్‌స్పిన్ పెంచమంటారు, ఇంకొకరు వెనక నిలబడి ర్యాలీ కొనసాగించమంటారు, మరొకరు సర్వ్ ఊపు మారుస్తారు. విడివిడిగా ఏదీ తప్పు సలహా కాదు. నడాల్ బృందంలో ఏళ్ళ తరబడి పనిచేసిన రోయిగ్‌కు ఫోర్‌హ్యాండ్ గురించి తెలియదని ఎవరంటారు? కాకపోతే ఒక దిద్దుబాటు ఒంటికి పట్టడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఓటములుంటాయి. ఆ ఓటములు పూర్తయ్యేసరికి నీ దగ్గర ఇంకో మనిషి ఉంటున్నాడు.

నిన్ను ప్రకటనలు పాడుచేశాయన్న మాట ఇక్కడ కూడా వినిపిస్తుంది. టిఫనీ, డియోర్, పోర్షే, ఎవియన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్… ఆ పేర్లు చదివేటప్పుడు కొందరి గొంతులో అదో రకం తృప్తి. ఆడపిల్ల నగ పెట్టుకుని ఫొటో దిగితే చదువు చెడుతుందని మా పెద్దమ్మలు అన్నట్టే ఉంటుంది. ఫొటో దిగినందుకు ఎవరి సెకండ్ సర్వూ నెట్‌కు తగల్లేదు. నిన్ను నిజంగా కిందికి లాగింది ఒళ్ళు. 2023లో రెండు మణికట్లకూ, ఒక చీలమండకూ ఆపరేషన్లు. పదో ర్యాంకు చూసిన మనిషి మూడొందల దగ్గరికి జారడానికి ఇంకో కారణం వెతకడం ఎందుకు? పైగా 2025 ఫిబ్రవరిలో దుబాయ్‌లో స్టాండ్స్‌లో వెంటపడే మనిషిని చూసి అంపైర్ కుర్చీ వెనక నక్కి ఏడ్చావు. ఆ మ్యాచ్ స్కోరు మీద వ్యాఖ్యానం చేసినవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు.

ఒంటి సంగతి కూడా కోచ్ సంగతిలోకే వస్తుంది. మారిన ప్రతి మనిషీ తన లెక్క ప్రకారం ప్రాక్టీసు పెడతాడు. ఇన్ని గంటలు, ఇన్ని సర్వ్‌లు, ఇంత జిమ్ము. మణికట్టు ఆపరేషన్ అయిన పిల్లకు ఆ లెక్క ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి రాసి పెట్టుకోవాలి.

మా హైదరాబాద్‌లో దీన్ని దగ్గర్నుంచి చూశాం. 2005లో ఇక్కడే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచినప్పుడు సానియా మీర్జాకు కూడా సరిగ్గా పద్దెనిమిదేళ్ళే. ఆ సెప్టెంబర్లో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు. ఊరంతా ఆమె హోర్డింగులే. ఆమె ఫోర్‌హ్యాండ్ చూడ్డానికి జనం కొట్టుకునేవాళ్ళు. సెకండ్ సర్వ్ మాత్రం అందరికీ దొరికిపోయేది, పెద్ద ప్లేయర్లు దాని మీదే పడేవాళ్ళు. 2007లో 27వ ర్యాంకు దాకా వెళ్ళింది, 2008లో మణికట్టు ఆపరేషన్. సింగిల్స్‌లో మళ్ళీ ఆ ఎత్తుకు వెళ్ళలేదు. తర్వాత సింగిల్స్ వదిలేసి డబుల్స్ ఎంచుకుని, హింగిస్‌తో కలిసి ఆడుతూ 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది, అదే ఏడాది వింబుల్డన్, యూఎస్ ఓపెన్, మరుసటి జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. డబుల్స్‌లో సగం కోర్టే కాయాలి, నెట్ దగ్గర హింగిస్ లాంటి మనిషి నిలబడి ఉంటుంది. ఆ లోపం అక్కడ మరుగునపడింది, ఆ ఫోర్‌హ్యాండ్ ఒక్కటే మెరిసింది. ఆమెను ఆమెగా ఎరిగిన మనిషి ఒకరు, వాళ్ళ నాన్న ఇమ్రాన్ మీర్జా, మొదట్నుంచీ పక్కనే ఉన్నాడు. పైనుంచి పెద్ద కోచ్‌లు వచ్చారు, వెళ్ళారు. అడుగున ఆ మనిషి మారలేదు. నీ సింగిల్స్ అయిపోయిందని నేననడం లేదు, ఇరవై మూడేళ్ళకు అలా అనేవాడికి బుద్ధి లేదనాలి.

ఈ లేఖ చదివే మా వాళ్ళు ఇక్కడ నాకు అడ్డు తగులుతారు, నాకు తెలుసు. “బ్యాడ్మింటన్‌లో మన సింధు మాటేంటి? ఆవిడా కోచ్‌లను మార్చిందిగా?” అంటారు. మార్చింది. కిమ్ జి హ్యూన్ అనే కొరియా కోచ్ 2019లో కొన్ని నెలలే పనిచేసింది. ఆ ఆగస్టులోనే బాసెల్‌లో సింధు ఒకుహరాను 21-7, 21-7తో చిత్తు చేసి ప్రపంచ చాంపియన్ అయింది. నా వాదానికి ఇది ఇబ్బందే, దాచను. కానీ కిమ్ చేతికి వచ్చేసరికి సింధు ఆట గోపీచంద్ దగ్గర చిన్నప్పటి నుంచీ, రియో వెండి పతకం దాకా, ఒకే కంటి కింద పెరిగి ముదిరింది. కిమ్ దాని మీద నెట్ ఆట, కాస్త తెలివిడి కలిపింది. ఆ తర్వాత పార్క్ తే సాంగ్ మూడేళ్ళు ఉన్నాడు, టోక్యో కంచు ఆయన హయాంలోదే. 2023 నుంచి హఫీజ్ హషీమ్, ఆగుస్ ద్వి సాంతోసో అంటూ మార్పులు వేగం పుంజుకున్నాయి, పారిస్‌లో ప్రీక్వార్టర్స్‌తో సరి. మధ్యలో చీలమండ గాయమూ ఉంది కాబట్టి మొత్తం నెపం కోచ్‌ల మీదే పెట్టను. నీకూ సింధుకూ తేడా ఎక్కడంటే, ఆమెకు పదేళ్ళ పునాది ఒకే మనిషి దగ్గర పడింది. నీ పునాది ముక్కలు ముక్కలుగా పది మంది దగ్గర ఉంది.

అందుకే కావడే ఏడాది నాకు బాగా నచ్చింది. పెద్ద పేరున్న మనిషి కాదు. పైకి చూస్తే ఏదీ అంత బ్రహ్మాండంగా జరగలేదు కూడా. కానీ ఆపరేషన్ల నుంచి తేరుకుని, ఈస్ట్‌బోర్న్‌లో పెగూలాను ఓడించి మొదటిసారి ఒక టాప్ టెన్ ప్లేయర్ మీద గెలిచావు. వింబుల్డన్‌లో సకారిని ఇంటికి పంపి నాలుగో రౌండు దాకా వెళ్ళావు. చిన్నప్పటి నిన్ను చూసిన మనిషి కుర్చీలో కూర్చుంటే ఒంట్లో ఏం మారుతుందో అప్పుడు కనిపించింది. పెచ్చీ ఉన్న వేసవి కూడా అంతే. కుర్రతనంలో ముర్రేకు కోచ్‌గా చేసిన పెచ్చీ నీకు కూడా పాత పరిచయమే. 2025 మయామీలో క్వార్టర్స్. జూలైలో సెంటర్ కోర్టు మీద సబలెంకాతో ఆడిన మ్యాచ్ 7-6, 6-4తో పోయింది, అయినా మొదటి సెట్ టైబ్రేక్ 8-6 దాకా వెళ్ళింది, రెండో సెట్లో నువ్వు 4-1 మీదున్నావు. ప్రపంచ నంబర్ వన్ ఆ పది నిమిషాల్లో నీ వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు.

అదే ఏడాది శ్వియాటెక్ మెల్‌బోర్న్‌లో 6-1, 6-0, పారిస్‌లో 6-1, 6-2, న్యూయార్క్‌లో రిబాకినా 6-1, 6-2తో నిన్ను ఓడించారు. ఈ రెండు జతల స్కోర్లను పక్కపక్కన పెట్టి చూడమని వచ్చే కోచ్‌ని అడుగు. సబలెంకా కొట్టినంత గట్టిగా ఎవరూ కొట్టరు. మరి ఆమెతో పోటీ ఇచ్చిన మనిషి మిగతా ఇద్దరి దగ్గర ఎందుకు నిలబడలేకపోయింది? నా మటుకు నాకు తోచేది ఇది. పెద్ద సర్వ్, పెద్ద రిటర్న్ ఎదురైన రోజున నీ సెకండ్ సర్వ్ పొట్టిగా పడుతుంది. వాళ్ళు లోపలికి వచ్చి కొడతారు. నువ్వు వెనక్కి జరుగుతావు. జరిగిన ఆ రెండడుగులతో నీ ఆయుధం, ఆ అర సెకను, వాళ్ళ చేతికి పోతుంది. నేను కోచ్‌ని కాను, టీవీ ముందు కూర్చునేవాణ్ణి. ఇంకో కారణం ఉందని చెప్పే మనిషి దొరికితే ఇంకా మంచిది. ఒకే కారణం పట్టుకుని ఏడాది పొడుగునా దాని మీదే పనిచేసేవాడైతే చాలు.

ఇంకో సంగతి. 2025 జనవరి నుంచి మ్యాచ్ మధ్యలో కోచ్ పక్కనుంచి సలహా చెప్పడానికి ఐటీఎఫ్ నిబంధనలే ఒప్పుకున్నాయి. మెల్‌బోర్న్‌లో కోర్టు మూలనే కోచ్‌కు కుర్చీలు వేశారు. ఒకప్పుడు సైగ చేసినా జరిమానా పడేది. ఇప్పుడు నీ ప్రశ్నలకు పాయింటుకీ పాయింటుకీ మధ్య జవాబు దొరుకుతుంది. నీలాంటి అమ్మాయికి ఇది వరమూ, ప్రమాదమూ. ఎక్కువ జవాబులు వింటే కాళ్ళు ఆగిపోతాయి. కొత్త మనిషితో ముందే ఒప్పందం చేసుకో. కోర్టు మీద ఉన్నప్పుడు రెండే మాటలు, ముందుకు రమ్మని ఒకటి, సర్వ్ ఎటు వెయ్యాలో ఒకటి. మిగతా ప్రశ్నలు నోటుబుక్‌లో రాసుకుని సోమవారం అడుగు. వారం ఆగి కూడా మిగిలిన ప్రశ్నకే జవాబు కావాలి. చాలా ప్రశ్నలు అప్పటికి వాటంతటవే తీరిపోయి ఉంటాయి.

ఎవరిని పెట్టుకోవాలో చెప్పడం నా పని కాదు. పేరు చూడొద్దని మాత్రం అంటాను. సిన్నర్ 2022లో పియాట్టీని వదిలి వాగ్నొజ్జీ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆ పేరు టెన్నిస్ బయట ఎంతమందికి తెలుసు? కాహిల్ తర్వాత వచ్చి చేరాడు. ఆ ఇద్దరూ సిన్నర్ ఓడిన నెలల్లో కూడా అతని కుర్చీ పక్కనే కూర్చున్నారు. ఫెరీరో, అల్కరాస్ జోడీ కూడా ఏళ్ళ తరబడి సాగింది. 2025 డిసెంబర్‌లో విడిపోతే, అప్పటికే అల్కరాస్ ఆట అల్కరాస్‌ది అయిపోయి ఉంది.

ఇదంతా రాస్తుంటే మా దగ్గరి పిల్లలు గుర్తొస్తారు. ఇక్కడి నుంచి ఐటీఎఫ్ టోర్నీలకు వెళ్ళే అమ్మాయిలూ అబ్బాయిలూ చాలామంది కోచ్ లేకుండానే రైలెక్కుతారు. కోచ్‌కు టికెట్, గది, రోజువారీ ఫీజు కలిపితే నెగ్గిన డబ్బు ఏ మూలకూ చాలదు. 2023లో సుమిత్ నాగల్ తన బ్యాంకు ఖాతాలో మిగిలింది 900 యూరోలని బయటపెట్టాడు. అప్పటికి దేశంలో నంబర్ వన్ అతనే. నాలుగు నెలలు తిరగకుండా ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సీడెడ్ ఆటగాడు బుబ్లిక్‌ను ఓడించాడు. 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత గ్రాండ్‌స్లామ్ పురుషుల సింగిల్స్‌లో సీడ్‌ని ఓడించిన మొదటి భారతీయుడు. అతనికి కోచ్‌ని ఎంచుకునే తీరుబడి ఎక్కడిది? ఉన్న కోచ్‌ని పోగొట్టుకోకుండా ఉంటే చాలు. నీకు ఎవరినైనా పిలవగల స్తోమతుంది. ఆ స్తోమతే నిన్ను కాస్త ఇబ్బంది పెట్టిందేమో కూడా. ఎవరైనా దొరుకుతారని తెలిసినప్పుడు, ఉన్నవాడి దగ్గర ఓపిక తొందరగా తరిగిపోతుంది.

వచ్చే మనిషితో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క షరతు రాయించుకో, వాళ్ళకూ నీకూ ఇద్దరికీ వర్తించేలా. ఈ వింబుల్డన్ ఫలితమేదైనా, వచ్చే ఏడాది వింబుల్డన్ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. మొదటి రౌండులో ఓడినా సరే, వరసగా ఐదు టోర్నీల్లో ఓడినా సరే. ఆరోగ్యం బాగోలేకపోతే తప్ప. ఆ మధ్యలో నీ పత్రికలవాళ్ళు ఏం రాస్తారో నాకు తెలుసు, నీకు ఇంకా బాగా తెలుసు. మొదటి రోజు ప్రాక్టీసుకు 2021 ఫైనల్ వీడియో తీసుకెళ్ళు. మోకాలి ఘట్టం దాటించేసి, లేలా సెకండ్ సర్వ్ వేసినప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావో చూపించు. అక్కడ ఒక టేపు ముక్క అంటించి, ఈ ఏడాదంతా దానికి వెనక నిలబడితే కేకెయ్యమని చెప్పు.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక టెన్నిస్ అభిమాని